నీలి కొలను ఆకుపచ్చ అయిన కథ

పిల్లలూ! 2016 వ సంవత్సరం ఆగస్టు 9 వ తేదీన బ్రెజిల్ దేశంలోని రియో డి జనీరో నగరంలో ఒక వింత జరిగింది. అప్పుడక్కడ ఒలింపిక్ పోటీలు జరుగుతున్నాయి. పది మీటర్ల ఎత్తు గల అరుగు మీదినుంచి స్త్రీలు ఇద్దరిద్దరుగా, ఒకే క్షణాన నీటిలోకి దూకే పోటీ ఆనాడు. ప్రపంచమంతా టెలివిజన్‌లో చూస్తున్నది. అంతకుముందు ఆకాశంలాగా నీలంగా ఉన్న కొలను, ఆ రోజు మన ఊరి చెరువు నీళ్లలాగా ఆకుపచ్చగా తయారయింది! పక్కనే ఉన్న ఇంకొక కొలను మాత్రం నీలంగానే ఉండటంతో తేడా మరింత కొట్టవచ్చినట్టు కనపడింది. మర్నాటికల్లా ఆ రెండవ కొలను కూడా రంగు తిరగసాగింది.

దూకేవాళ్లు ఆ నీళ్లలోనే దూకారు. కొందరు ఆటగాళ్లు కళ్లు మండుతున్నవన్నారు. నిర్వాహకులు మొదట ఒక కారణం చెప్పారు, తరువాత మరొకటి చెప్పారు. చివరకు అసలు సంగతి బయటపడింది. పోటీల ప్రారంభోత్సవం జరిగిన నాడు, అంటే ఆగస్టు 5 న, కొలనులో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడు పోశారట. దాన్ని మీరు ఆసుపత్రిలో చూసే ఉంటారు. పుండు మీద పోస్తే తెల్లగా నురుగు వస్తుందే, అదే.

అదేమీ విషం కాదు. అది కూడా నీటిని శుభ్రపరిచే మందే. అయితే ఆ కొలనులో అప్పటికే క్లోరిన్ అనే మందు ఉన్నది. రెండు మందులు కలిస్తే రెట్టింపు శుభ్రం కావాలి కదా అని మీరనవచ్చు. కాని ఈ రెండింటికీ పడదు. పెరాక్సైడు తగలగానే క్లోరిన్ తన పస అంతా కోల్పోయి, మనం కూరలో వేసుకునే ఉప్పులో ఉండే రూపంలోకి మారిపోతుంది. పెరాక్సైడులోని ప్రాణవాయువు బుడగలై పైకి పోతుంది. ఇద్దరు కాపలావాళ్లు ఒకరితో ఒకరు తలపడి ఇద్దరూ పడిపోతే, దొంగలకు తలుపు తెరిచినట్టే గదా! ఆ దొంగ పేరు పాచి. ఎండా, నీరూ ఉంటే చాలు, నాలుగు రోజుల్లో అది కొలనంతా ఆక్రమించింది.

రెండవ కొలనులో తరువాత జట్లు జట్లుగా నీటిలో నాట్యం చేసే పోటీ ఉన్నది. నీటి అడుగున ఒకరినొకరు చూసుకోలేకపోతే ఆ పోటీ సాగదు. అందుచేత సుమారు 37 లక్షల లీటర్ల నీటిని బయటికి తోడేసి, అభ్యాసం చేసుకునే మరొక కొలనులోని మంచి నీటిని తెచ్చి నింపారు. ఆ పనికి దాదాపు పది గంటలు పట్టింది.

ఎక్కడో బ్రెజిల్ సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, ముప్పయ్యేళ్లు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పిన నేను కూడా ఇంచుమించు ఇటువంటి పనే చేశాను.

మా అబ్బాయి అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరం దగ్గర ఉంటాడు. అక్కడి ఎండలు మన రెంటచింతల ఎండలకు తీసిపోవు. అందుకని చాలా ఇళ్ల పెరళ్లలో చిన్న చిన్న ఈతకొలనులు కట్టుకుంటారు. మావాడి పెరటిలో కూడా 60,000 లీటర్ల నీరు పట్టే కొలను ఒకటి ఉన్నది. నేను వెళ్లిన వేసవిలో, ఒక ఆదివారంనాడు, మా మనుమరాలి పుట్టినరోజు వచ్చింది. పదిమంది పిల్లలు పొద్దుగూకేదాకా ఆ కొలనులో ఈదారు. మర్నాడు పొద్దున చూద్దును గదా, కొలను దగ్గర ఘాటైన మందు వాసన. మా మనుమరాలి కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నవి.

"క్లోరిన్ ఎక్కువయిందిరా. నాలుగు రోజులు మందు వెయ్యటం ఆపు," అన్నాను మావాడితో.

మా మనుమరాలికి పదకొండేళ్లు. "తాతయ్యా, కొలిచి చూద్దామా?" అని అడిగింది.

"వాసన చెబుతూనే ఉంటే ఇంక కొలవటం దేనికే?" అన్నాను నేను.

మావాడు నా మాట తీసెయ్యలేక మందు ఆపేశాడు. మంగళవారానికి నీటికి మెరుపు తగ్గింది. బుధవారం మెట్ల మీద కాలు పెడితే జర్రున జారింది. గురువారం పొద్దునకు రియో కొలను మా పెరట్లోకి వచ్చి కూర్చున్నది!

నేను చేసిన పొరపాటు మీకు అర్థం కావాలంటే ముందు క్లోరిన్ సంగతి కొంచెం తెలుసుకోవాలి. 1774 లో స్వీడన్ దేశపు షీలే అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఈ వాయువును మొదటిసారి తయారుచేశాడు. 1810 లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఇది ఒక మూలకమని చెప్పి, గ్రీకు భాషలో లేత ఆకుపచ్చ రంగును తెలిపే మాటనుంచి దీనికి క్లోరిన్ అని పేరు పెట్టాడు. చిత్రం చూశారా! ఆకుపచ్చ అని పేరున్న పదార్థమే కొలను ఆకుపచ్చ కాకుండా కాపాడుతుంది. మన ఊళ్లలో బావులలో చల్లే బ్లీచింగ్ పౌడరులో పనిచేసేది కూడా ఈ క్లోరినే.

కొలనులో క్లోరిన్ రెండు విధాలుగా ఉంటుంది. చేతులు ఖాళీగా ఉండి, క్రిములు కనపడగానే చంపేది ఒకటి. దీన్ని స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్ అందాం. పిల్లల ఒంటి చెమటా, మరి చెప్పటానికి సిగ్గుగా ఉంటుంది గాని, కొందరు కొలనులోనే పోసే మూత్రమూ కలిసినప్పుడు, వాటిలో ఉన్న పదార్థాలతో కొంత క్లోరిన్ ముడిపడిపోతుంది. అలా ముడిపడినదానికి క్లోరమీన్ అని పేరు. దానికి క్రిములను చంపే శక్తి బహు తక్కువ. కాని కళ్లు మండించటంలోనూ, ముక్కు అదరగొట్టటంలోనూ మాత్రం దానిదే పైచేయి. "క్లోరిన్ వాసన" అని మనమందరం అనుకునేది చాలావరకు ఈ క్లోరమీన్ వాసనే. మంచి స్థితిలో ఉన్న కొలను అంత ఘాటుగా వాసన వెయ్యనే వెయ్యదు. అంటే ఆ సోమవారంనాడు కొలనులో పనిచేసే క్లోరిన్ ఎక్కువ కాలేదు. పదిమంది పిల్లల దెబ్బకు అది అయిపోవచ్చింది! నేను ఆకలితో ఏడుస్తున్న పిల్లవాడికి అజీర్ణం చేసిందనుకొని లంఖణం పెట్టించానన్నమాట.

గురువారం మా మనుమరాలు తన పరీక్ష పెట్టె తెచ్చింది. అందులో చిన్న గాజు గొట్టాలూ, చుక్కల మందు సీసాలూ, రంగుల అట్టముక్కా ఉన్నవి. మోచేతి లోతున నీళ్లు ముంచి గొట్టంలో పోసి ఒక మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నంతమేర నీరు గులాబి రంగు తిరగాలి. ఎంతసేపు చూసినా తిరగలేదు. క్లోరిన్ సున్న.

రెండవ గొట్టంలో ఇంకొక మందు చుక్కలు వేసింది. నీరు ఎర్రబడింది. అట్టముక్క పక్కన పెట్టి చూసి, "8.2 తాతయ్యా," అన్నది.

ఈ అంకె ఏమిటో చెబుతాను. మీ అమ్మనడిగి చిటికెడు పసుపు నీళ్లలో కలిపి, అందులో కొంచెం తమలపాకు సున్నం వెయ్యండి. నీళ్లు ఎర్రబడతవి. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి ఇలాగే తయారవుతుంది. మళ్లీ నిమ్మరసం పిండితే పసుపుపచ్చ రంగు తిరిగి వస్తుంది. సున్నం వంటివి క్షారాలు, నిమ్మరసం వంటివి ఆమ్లాలు. ఏ నీటిలో ఏ గుణం ఎంత ఉన్నదో చెప్పటానికి 1909 లో డెన్మార్కు దేశంలో సోరెన్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక కొలత ఏర్పరిచాడు. ఆయన పనిచేసినది బీరు తయారుచేసేవారి ప్రయోగశాలలో! ఆ కొలతనే పీహెచ్ అంటారు. 7 అంటే అటూ ఇటూ కాని నీరు. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె జరిగితే పది రెట్లు తేడా అని గుర్తుంచుకోండి. కొలనులో ఇది 7.2 కూ 7.8 కూ మధ్య ఉండాలి. మన కన్నీటి పీహెచ్ కూడా 7.4 దరిదాపుల్లోనే ఉంటుంది, అందుకే అటువంటి నీరు కంటికి హాయి. ఇంత సన్నని తేడా చెప్పటానికి పసుపు చాలదు. అందుకు ఫినాల్ రెడ్ అనే రంగు మందు వాడతారు. అది పసుపుపచ్చనుంచి ఎరుపుదాకా మెల్లమెల్లగా మారుతుంది.

పీహెచ్ 8.2 అయితే వచ్చిన నష్టమేమిటి? ఇక్కడే అసలు కీలకం ఉన్నది. నీటిలో వేసిన క్లోరిన్‌ను సైనికులనుకోండి. కొందరు కత్తి దూసి ఉంటారు, కొందరి కత్తి ఒరలోనే ఉంటుంది. కత్తి దూసినవాడి పేరు హైపోక్లోరస్ ఆమ్లం. వాడికి విద్యుదావేశం లేదు గనక క్రిమి ఒంటిలోకి సులువుగా చొరబడతాడు. ఒరలో కత్తి ఉన్నవాడి మీద ఋణావేశం ఉంటుంది. క్రిమి పైపొర మీద కూడా ఋణావేశమే ఉండటంచేత వాణ్ణి దగ్గరకు రానివ్వదు. ఎందరు కత్తి దూసి ఉంటారనేది పీహెచ్ మీద ఆధారపడి ఉంటుంది. పీహెచ్ 7 అయితే నూటికి సుమారు 75 మంది. 7.5 అయితే 50 మంది. 8 అయితే పాతికమంది. 8.2 దగ్గర ఇరవైమంది కూడా ఉండరు! అంటే మావాడు వారం వారం డబ్బు పోసి కొన్న మందులో అయిదింట నాలుగు వంతులు ఊరికే నిలబడి ఉన్నదన్నమాట. పుట్టినరోజుకు ముందే కొలను సగం ఓడిపోయి ఉన్నది. పైన నేను మందు మాన్పించాను.

పోనీ, పీహెచ్ బాగా తగ్గించేస్తే? అప్పుడు నీరు ఆమ్లమై, కొలను గోడల గచ్చును తినేస్తుంది, గొట్టాలలోని రాగిని కరిగిస్తుంది. దొరల పిల్లల తెల్లజుట్టు ఈత తరువాత ఒక్కొక్కసారి ఆకుపచ్చగా మారుతుంది చూశారూ, దానికి అందరూ క్లోరిన్‌ను తిడతారు గాని అది కరిగిన రాగి చేసే పని. పీహెచ్ మరీ పెరిగితే, కాగు అడుగున పేరుకునే తెల్లని పెచ్చు వంటిది గోడలకూ గొట్టాలకూ పడుతుంది.

మా కొలను పీహెచ్ ఎందుకు పెరిగిందో మా మనుమరాలే కనిపెట్టింది. కొలను అంచున అలంకారానికి చిన్న జలపాతం కట్టించారు. అది పగలంతా నీటిని చిమ్ముతూనే ఉంటుంది. గోలీసోడా కొట్టగానే బుస్సుమని వచ్చేది బొగ్గుపులుసు వాయువు కదా, అది కొద్దిగా కొలను నీటిలోనూ ఉంటుంది. నీటిని చిమ్మిన కొద్దీ అది గాలిలోకి పోతుంది. అది నీటిలో ఉన్నంతసేపూ ఆమ్లగుణం ఇస్తుంది, పోతే పీహెచ్ పైకి జరుగుతుంది.

ఇటువంటి ఒడుదుడుకులకు పీహెచ్ ఒక్కసారిగా ఎగిరి పడకుండా పట్టి ఉంచేది ఇంకొకటి ఉన్నది. వంటసోడాలో ఉండే బైకార్బొనేటు అనే పదార్థం. ఉమ్మడి కుటుంబంలో పెద్దవాడు ఒకరి కోపాన్నీ మరొకరి కోపాన్నీ తనలోనే దాచుకుని ఇంటిని నిలబెడతాడే, ఆ పని ఇది నీటిలో చేస్తుంది. ఇది పది లక్షల పాళ్ల నీటిలో 80 నుంచి 120 పాళ్లదాకా ఉంటే మంచిది. తక్కువైతే వంటసోడా కలుపుతారు. మా కొలనులో అది సరిపోయినంతే ఉన్నది.

ఇక చికిత్స. ముందు పీహెచ్ దించాలి, తరువాత క్లోరిన్ వెయ్యాలి. కత్తులు దూయించకుండా సైన్యాన్ని పంపితే ఏం లాభం? మావాడు చేతులకు రబ్బరు తొడుగులూ, కళ్లకు అద్దాలూ పెట్టుకుని, డబ్బా మీద రాసిన లెక్క ప్రకారం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొలిచి కొలనులో పోశాడు. మోటారు వేసి నీటిని తిప్పాడు. సాయంత్రానికి పీహెచ్ 7.4 కు వచ్చింది.

ఆ తరువాత, పిల్లలూ, ఒక్క క్షణం నా గుండె ఆగింది. ఆమ్లం కొలిచిన బకెట్టునే కడగకుండా క్లోరిన్ ద్రవం పొయ్యటానికి మావాడు చెయ్యి చాచాడు. "ఆగరా!" అని నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. ఆమ్లమూ, ఈ క్లోరిన్ మందూ కలిస్తే అక్కడికక్కడే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 లో, జర్మను సైన్యం శత్రువుల మీదికి వదిలిన విషవాయువు అదే! బకెట్టు అడుగున మిగిలింది కొద్దిగానే కావచ్చు, కాని ఊపిరితిత్తులు కొద్దికే దెబ్బతింటవి. అమెరికాలో కొలను మందులవల్ల ప్రమాదాలు జరిగి ఏటా సుమారు 4,500 మంది ఆసుపత్రులకు వెళుతున్నారు. అందులో మూడోవంతుకు పైగా మీ వంటి పిల్లలూ, పద్దెనిమిదేళ్ల లోపువారూను. ఇళ్లలో మరుగుదొడ్డి కడిగే ఆమ్లాన్నీ, బ్లీచింగ్ పౌడరునూ కలిపినా ఇదే జరుగుతుంది. ఈ వ్యాసం చదివే తల్లిదండ్రులు ఆ రెండు డబ్బాలూ ఒకే అలమారలో ఉన్నాయేమో ఇవాళే చూసుకోవాలి. పిల్లలు పరీక్షగొట్టాలు పట్టుకోవచ్చు గాని, మందు డబ్బాలు ముట్టుకోకూడదు.

క్లోరిన్ ఎంత వెయ్యాలో మా మనుమరాలు లెక్క కట్టింది. మీరూ కట్టి చూడండి. పది లక్షల పాళ్లకు ఒక పాలు అంటే లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము. 60,000 లీటర్లకు 60 గ్రాములు. మామూలు రోజుల్లో రెండు మూడు పాళ్లు ఉంటే చాలు గాని, పాచినీ క్లోరమీన్‌నూ తుడిచిపెట్టాలంటే పది పాళ్లయినా ముందు వెయ్యాలి. అంటే 600 గ్రాములు. డబ్బాలోని ద్రవంలో లీటరుకు 100 గ్రాముల క్లోరిన్ ఉన్నది గనక 6 లీటర్లు. పొద్దుగూకిన తరువాతనే పోశారు. ఎందుకంటే ఎండ తగిలితే, ఆపటానికేమీ లేని క్లోరిన్ రెండు మూడు గంటల్లో చాలావరకు హరించిపోతుంది. సయన్యూరిక్ ఆమ్లమనే పదార్థం కొంచెం కలిపితే అది ఎండలో గొడుగులా పనిచేస్తుంది. ఆ గొడుగు మరీ ఎక్కువయినా క్లోరిన్ చురుకు తగ్గుతుంది.

ఆ రాత్రి పది పాళ్లు వేస్తే తెల్లవారేసరికి మూడు మిగిలింది. మిగతాదంతా పాచితో పోరాడి ఖర్చయింది. మళ్లీ వేశారు. గోడలు బ్రష్షుతో రుద్దారు. పచ్చదనం పోయి నీరు బూడిద రంగు తిరిగింది. అది చచ్చిన పాచి. మోటారు రాత్రింబవళ్లు తిరుగుతూ దాన్ని ఇసుక వడపోతలోకి లాగింది. ఆదివారానికి నీరు తేటపడింది. అయినా, అడుగున ఉన్న జల్లెడ కన్నాలు గట్టుమీదినుంచి స్పష్టంగా లెక్కపెట్టగలిగినదాకా మావాడు పిల్లలను దిగనివ్వలేదు. ఇది ఛాదస్తం కాదు సుమా! నీరు మసకగా ఉంటే, మునిగిన పిల్లవాడు పైనున్నవాళ్లకు కనపడడు.

తేటగా ఉన్నంత మాత్రాన సరిపోదు కూడాను. సరైన స్థితిలో ఉన్న క్లోరిన్ చాలా క్రిములను నిమిషాల్లో చంపుతుంది గాని, క్రిప్టోస్పోరిడియం అని ఒకటున్నది. అది గట్టి పెంకులో దాగి, ఒక పాలు క్లోరిన్ ఉన్న నీటిలో పది రోజులకు పైగా బతకగలదు. నీళ్లవిరేచనాలు అయినవారి ద్వారా అది కొలనులోకి వస్తుంది. అందుకని అటువంటప్పుడు ఎవరూ కొలనులో దిగకూడదు.

మా మనుమరాలు కొలను తలుపు మీద తన చేతి రాతతో ఒక అట్ట కట్టింది. దిగేముందు ఒక్క నిమిషం స్నానం చెయ్యాలనీ, ఒకటికి వస్తే బయటికి రావాలనీ రాసింది. వచ్చిన స్నేహితులందరి చేతా చదివించింది. నా చేత కూడా.

నేను ఇండియా వచ్చి చాలా కాలమయింది. ఆ అమ్మాయి ప్రతి శనివారం కొలను కొలిచి, అంకెలు నాకు ఫోనులో చదువుతుంది. కిందటి వారం పీహెచ్ 7.4, క్లోరిన్ మూడు పాళ్లు. "వాసన ఎలా ఉందే?" అని అడిగాను.

"ఏమీ లేదు తాతయ్యా," అన్నది.